ముప్పై రోజుల లెక్క

1988లో ఇంగ్లండులోని బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో స్టీఫెన్ బోల్సిన్ అనే మత్తు డాక్టరు చేరాడు. పసిపిల్లల గుండె ఆపరేషన్లు అక్కడ మరీ ఎక్కువసేపు సాగుతున్నాయని కొద్దికాలానికే గమనించాడు. ఆ ఆపరేషన్లు చేసేటప్పుడు గుండెను ఆపేసి, రక్తాన్ని యంత్రంతో ఒళ్లంతా తిప్పుతారు. బిడ్డ యంత్రం మీద ఎంత ఎక్కువసేపు ఉంటే ముప్పు అంత పెరుగుతుంది. అంతకుముందు లండన్‌లో పనిచేసి వచ్చినవాడు కనుక బోల్సిన్‌కు ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపించింది. 1990లో ఆస్పత్రి పాలనాధికారికి ఉత్తరం రాశాడు. పని జరగలేదు సరికదా, సాటివాళ్లకు కంటగింపయ్యాడు. అప్పటినుంచి ఏ బిడ్డకు ఏ ఆపరేషన్ జరిగింది, ఎవరు బతికారు, ఎవరు పోయారు అన్నది తనే రాసుకోవడం మొదలుపెట్టాడు. తర్వాత ఆండ్రూ బ్లాక్ అనే మరో వైద్యుడు తోడయ్యాడు.

1995 జనవరి 11 సాయంత్రం పిల్లల గుండె విభాగం వైద్యులు కూర్చుని, మర్నాడు ఏడాదిన్నర బిడ్డకు చెయ్యాల్సిన ఆపరేషన్ గురించి తర్జనభర్జన పడ్డారు. బోల్సిన్ వద్దన్నాడు. చేద్దామనే తేల్చారు. మర్నాడు బిడ్డ బల్ల మీదే చనిపోయింది. ఆ తర్వాత కథ చాలామందికి తెలుసు: 1998లో వైద్యమండలి ఒక సర్జన్‌నూ, వైద్యుడైన పాలనాధికారినీ వైద్యుల పట్టీ నుంచి తొలగించింది, ఇంకో సర్జన్ పిల్లలకు ఆపరేషన్లు చెయ్యకుండా ఆంక్ష పెట్టింది. ఈ వ్యవహారంపై విచారణ జరిపిన ఇయాన్ కెనెడీ కమిటీ 2001లో 198 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. 1991 నుంచి 1995 వరకు బ్రిస్టల్‌లో ఆపరేషన్ అయిన ఏడాదిలోపు పిల్లల్లో, మామూలు కేంద్రంలో జరిగేవాటికంటే 30 నుంచి 35 మరణాలు ఎక్కువ జరిగాయని అది అంచనా కట్టింది.

ఈ కథలో గుట్టు బయటపెట్టినవాడి ధైర్యం గురించి అందరూ రాశారు. నాకు అంతకంటే ముఖ్యంగా తోచేది మరొకటి. లెక్కలు లేకపోవడం వల్ల బ్రిస్టల్‌లో ఆ ఘోరం జరగలేదు. లెక్కలు కుప్పలుతెప్పలుగా ఉన్నాయి. సర్జన్ల దగ్గర సొంత పుస్తకాలున్నాయి. కార్డియాలజిస్టుల దగ్గర వాళ్ల జాబితాలున్నాయి. 1977 నుంచి దేశవ్యాప్తంగా గుండె సర్జన్ల రిజిస్టరు ఒకటి నడుస్తుండేది. ఫలానా ఆపరేషన్లు ఇన్ని, మరణాలు ఇన్ని అని ప్రతి కేంద్రం ఏటా ఓ ఫారం నింపి పంపేది. అందులో రోగుల వివరాలుండేవి కావు, పంపిన అంకె నిజమో కాదో తేల్చేవాళ్లూ లేరు. ఇవి చాలవన్నట్టు, ఆస్పత్రిలో చేరిన ప్రతి రోగినీ గుమాస్తాలు కోడ్ చేసి పంపే ప్రభుత్వ రికార్డు ఇంకొకటి.

విచారణ కమిటీ డేవిడ్ స్పీగెల్‌హాల్టర్ తదితర గణాంకవేత్తలను పిలిచి ఈ గుట్టలన్నీ వాళ్ల ముందు పెట్టింది. గుమాస్తాల రికార్డంటే డాక్టర్లకు మొదటినుంచీ చిన్నచూపు. రోగమంటే ఏమిటో తెలియనివాళ్లు రాసిన కోడ్లకు విలువేముంటుందన్నది వాళ్ల వాదన. తీరా చూస్తే ఆ రికార్డూ, సర్జన్ల రిజిస్టరూ ఒకే మాట చెప్పాయి. ఏడాదిలోపు పిల్లల్లో గుండె తెరిచి చేసే ఆపరేషన్లలో బ్రిస్టల్ మిగతా కేంద్రాలకు చాలా దూరంగా, విడిగా నిలిచింది. లెక్క తేలిన సంవత్సరాల్లో ఎక్కువ వాటిలో మరణాల రేటు ఇతరచోట్లకు దాదాపు రెట్టింపు. అదంతా ఎప్పటికప్పుడు కాగితం మీదికి ఎక్కుతూనే ఉంది. చదివి జవాబు చెప్పాల్సిన బాధ్యత మాత్రం ఎవరి మీదా లేదు. ఆస్పత్రి తనది కాదనుకుంది, ఆరోగ్యశాఖ వైద్యుల సంఘాలదనుకుంది, సంఘాలు ఆస్పత్రిదనుకున్నాయి.

ఒక విభాగం డేటా నిర్వహణ అంటే కంప్యూటర్లు కొనడమని మనం అనుకుంటాం. అసలు పని ఎంత మామూలు చోట మొదలవుతుందో చూడాలంటే పిల్లల గుండె విభాగంలో డేటా మేనేజరు పక్కన ఓ పూట కూర్చోవాలి. ఒక ఆపరేషన్‌కు సంబంధించి అక్కడికి నాలుగు కాగితాలు వస్తాయి. ఓటీ రిజిస్టరులో ఓ వరుస. యంత్రం నడిపే పెర్ఫ్యూజనిస్టు షీటు. ఐసీయూ చార్టు. డిశ్చార్జి సమ్మరీ. నాలుగూ ఒకే బిడ్డవి, నాలుగింట్లోనూ ఒకే సంగతి ఉండదు. రిజిస్టరులో ఆపరేషన్ పేరు పొద్దున అనుకున్నది. ఛాతీ తెరిచాక సర్జన్ మరోటి చేసి ఉంటాడు. డిశ్చార్జి సమ్మరీని జూనియర్ డాక్టరు పాత సమ్మరీ మీద దిద్ది రాసి ఉంటాడు, పోయినసారి రోగనిర్ధారణ అందులో అలాగే ఉండిపోతుంది. బరువు ఒకచోట 3.2 అనీ ఒకచోట 3200 అనీ కనిపిస్తుంది. వేలు జారితే 32. మూడు కిలోల పసికందు ముప్పై రెండు కిలోలు తూగుతోందని కంప్యూటర్ నమ్మితే, ఆ బిడ్డకున్న ముప్పు కాగితం మీద ఒక్కసారిగా తగ్గిపోతుంది. 3.2 కూడా ఎప్పటిది? పుట్టినప్పటిదా, ఆపరేషన్ రోజుదా? ఆరు వారాల బిడ్డ విషయంలో రెండింటికీ చాలా తేడా ఉంటుంది. పైగా గుండె జబ్బున్న బిడ్డ బరువు పెరగకపోవడమే ఒక లక్షణం.

ఇక గడి ఖాళీగా ఉంటే దాన్ని ఏమనుకోవాలి? కిడ్నీ జబ్బు ఉందా అన్న ప్రశ్నకు ఎదురుగా ఏమీ లేదు. లేదని రాశారా, అడగలేదా, అడిగి రాయడం మర్చిపోయారా? మంచి డేటాబేసు ఈ మూడింటినీ విడివిడిగా అడుగుతుంది. చెడ్డది ఖాళీని లేదు కింద లెక్కేస్తుంది. ఈ చిన్న తేడా ఒక ఆస్పత్రిని వీధిలో ఎలా నిలబెట్టిందో ముందు ముందు చెబుతాను.

రోగం పేరు దగ్గర చిక్కు మరీ ఎక్కువ. పుట్టుకతో వచ్చే గుండె లోపాలు వందల రకాలు, వాటి కలయికలు వేలు. ఫాలోస్ టెట్రాలజీ అనే లోపం సంగతే చూడండి. ఇందులో కింది గదుల మధ్య గోడకు రంధ్రం ఉంటుంది, బృహద్ధమని ఆ రంధ్రం మీదుగా కుడివైపుకు జరిగి ఉంటుంది. ఎంతవరకు జరిగితే అది ఫాలో, ఎంత దాటితే ధమనులు రెండూ కుడి గదిలోంచే బయల్దేరే మరో జబ్బు? చాలామంది సగం దాటితే రెండోదంటారు. కొందరు ఒప్పుకోరు, కవాటాల మధ్య కండ ఉందా లేదా చూడమంటారు. స్కానులో కొలిచిన సగం, ఆపరేషన్‌లో కంటికి కనిపించే సగం ఒకటి కావు. ఒకే గుండె ఒక ఊళ్లో ఒక జబ్బు కింద, పక్క ఊళ్లో ఇంకో జబ్బు కింద నమోదవుతుంది. రెండింటి ముప్పు వేరు. 2000 ప్రాంతంలో యూరప్‌లో ఒక పేర్ల పట్టిక, యూరప్, అమెరికా సర్జన్లు కలిసి చేసుకున్న పట్టిక మరొకటి దాదాపు ఒకేసారి వచ్చాయి. ఆ రెంటినీ పదం పదం జతపరచడానికి అంతర్జాతీయ బృందం ఒకటి ఏళ్ల తరబడి కూర్చోవాల్సి వచ్చింది. బయటివాళ్లకు చాదస్తంలా ఉంటుంది కానీ, ఆ పని జరగకపోతే రెండు దేశాల ఫలితాలను పక్కపక్కన పెట్టి మాట్లాడటమే వృథా.

ఎవరు బతికారన్నది కూడా మనం అనుకున్నంత తేలిక ప్రశ్న కాదు. ఆస్పత్రి గుమ్మం దాటేదాకా బతికితే చాలా? అలాగైతే పరిస్థితి విషమించిన బిడ్డను పుట్టిన ఊరి ఆస్పత్రికి పంపేస్తే ఆ మరణం మన లెక్కలోకి రాదు. అందుకని బ్రిటన్‌లో ఆపరేషన్ తర్వాత 30 రోజులు అన్న గీత గీశారు. ఇరవయ్యో రోజున రెండో ఆపరేషన్ అవసరమై, ముప్పై అయిదో రోజున బిడ్డ పోతే? మొదటి ఆపరేషన్ నుంచి ముప్పై రోజుల్ని ఒక ఘట్టంగా తీసుకోవాలని తర్వాత్తర్వాత తేల్చుకున్నారు. ఆ నిర్వచనం ప్రకారం ఈ బిడ్డ బతికినట్టే. గణితానికి అది సరిపోతుంది, తల్లిదండ్రులకు చెప్పుకోలేం.

బ్రిస్టల్ తర్వాత పిల్లల గుండె కేంద్రాలన్నీ కేంద్రీయ కార్డియాక్ ఆడిట్ డేటాబేసుకు ప్రతి కేసూ విడివిడిగా పంపాలన్న నియమం వచ్చింది. 2000-01 సంవత్సరపు ఫలితాలు 2004లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అచ్చయ్యాయి. ఆ వ్యాసంలో నేను ఎప్పటికీ మరిచిపోలేని అంకెలు రెండున్నాయి. 30 రోజుల్లోపు జరిగిన మరణాలు 194. వాటిలో 42 ఆస్పత్రులు పంపిన వివరాల్లో లేవు. ప్రతి రోగికీ ఉండే జాతీయ ఆరోగ్య సంఖ్యను జనన మరణాల రిజిస్టరుతో జతచేసి చూస్తేనే బయటపడ్డాయి. ఎవరో దాచారని కాదు. బిడ్డ ఇంటికి వెళ్లింది, ఇంకెక్కడో పోయింది, ఆపరేషన్ చేసిన విభాగానికి కబురు రాలేదు. అయిదింట ఒక మరణం విభాగానికి తెలియకుండానే జరిగిపోతే, ఆ విభాగం తన ఫలితాలు బాగున్నాయని నిజాయితీగానే నమ్ముతుంది.

ఆ జత కుదిరింది ఒక్క సంఖ్య వల్ల. మనవైపు ఇదెంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. పుట్టిన వారానికే ఆపరేషన్ జరిగిన బిడ్డ మన ఆస్పత్రుల్లో ‘బేబీ ఆఫ్ లక్ష్మి’. బారసాల అయ్యాక రెండోసారి వస్తే సాయి చరణ్. మూడోసారికి ఆధార్ కార్డులోని ఇంటిపేరు ముందు చేరుతుంది. సెల్ నంబరు తండ్రిదో మేనమామదో. మారిపోయి ఉంటుంది కూడా. ముగ్గురూ ఒకే బిడ్డని ఏ యంత్రం చెబుతుంది? ఇంగ్లండులోనూ ఆ బాధ ఉండేది. 2002 నుంచి పుట్టగానే సంఖ్య ఇవ్వడం మొదలయ్యాక చాలావరకు తీరింది. మనకు ఆభా అనే ఆరోగ్య సంఖ్య వచ్చినా, అది పసిబిడ్డల రికార్డుల్లోకి, అక్కణ్ణుంచి మరణాల నమోదుదాకా పోయేదారి ఇంకా పడాలి. ప్రస్తుతానికి చాలాచోట్ల ముప్పయ్యో రోజున ఎవరో ఒకరు ఫోను చేసి, అటువైపు ఎవరెత్తుతారా అని భయపడుతూ అడగడమే దారి.

2007 ఏప్రిల్ 1న అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పిల్లల గుండె ఆపరేషన్లకు పెద్ద రికార్డు పోగుపడింది. అది ప్రధానంగా డబ్బు చెల్లింపుకోసం పుట్టిన రికార్డు. ఆపరేషన్ నిజంగా జరిగిందా అన్నదానికి సాక్ష్యాలు అడుగుతుంది. అంతమాత్రాన తీసిపారెయ్యకూడదు. బ్రిస్టల్ గుట్టు చెప్పినవాటిలో ఒకటి డాక్టర్లు తీసిపారేసిన గుమాస్తాల రికార్డే కదా. 2008లో బోస్టన్ పిల్లల ఆస్పత్రి చొరవతో మొదలైన అంతర్జాతీయ బృందంలో మన దేశపు కేంద్రాలూ చేరి, తమ ఫలితాలను ఒకే కొలమానం మీద పోల్చుకుంటున్నాయి. స్వచ్ఛందంగా చేరినవాళ్ల లెక్కలు సాధారణంగా మెరుగ్గానే ఉంటాయి. చేరనివాళ్ల సంగతే తెలియాలి.

సరే, అంకెలు సరిగా వచ్చాయనుకుందాం. వాటిని ఎలా చదవాలి? ఏడాది చివర సగటు తీస్తే ఆలస్యమైపోతుంది. లండన్‌లోని గ్రేట్ ఆర్మండ్ స్ట్రీట్ ఆస్పత్రి సర్జన్ మార్క్ డి లెవల్ 1994లో తన సొంత కేసులనే అచ్చువేశాడు. నవజాత శిశువులకు తారుమారైన ధమనులను సరిచేసే ఆపరేషన్లు వరసగా 104. మొదటి 52 మందిలో ఒక్కరే పోయారు. తర్వాతి 16 మందిలో ఏడుగురు. ఇది దురదృష్టమా, చేతిలో ఏదైనా తేడా వచ్చిందా? పరిశ్రమల్లో సరుకు నాణ్యత చూడ్డానికి వాడే సంచిత పటాన్ని తన మరణాలకు వర్తింపజేసి చూసుకున్నాడు. గీత హద్దు దాటింది. మంచి ఫలితాలున్న మరో సర్జన్ దగ్గరకు వెళ్లి పద్ధతి సరిదిద్దుకున్నాడు. పేరు మోసిన సర్జన్ తన చేతిని తనే అనుమానించి, దాన్ని లెక్కకట్టి లోకానికి చూపించడం నాకు తెలిసినంతలో అరుదు.

1997లో లండన్ పరిశోధకులు ఈ పటాన్ని ఇంకా తేలిక చేశారు. ప్రతి రోగికీ ఆపరేషన్‌కు ముందే ముప్పు అంచనా కడతారు. నూటికి నాలుగు ముప్పున్న బిడ్డ బతికితే విభాగం ఖాతాలో 0.04 కలుస్తుంది. పోతే 0.96 తీసేస్తారు. నూటికి ఇరవై ముప్పున్న బిడ్డ బతికితే 0.20 కలుస్తుంది, పోతే పోయేది 0.80. కష్టమైన కేసు నిలబడితే మెప్పు ఎక్కువ, తేలికైన కేసు పోతే దెబ్బ ఎక్కువ. అనుకున్నట్టే జరుగుతుంటే గీత సున్నా చుట్టూ తిరుగుతుంది. జారుతుంటే గోడమీద అందరికీ కనిపిస్తుంది. మరణాలను సమీక్షించే సమావేశంలో ఈ ఒక్క కాగితం ముందుంటే వాదనలు సగం తగ్గుతాయి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో క్రిస్టినా పేజెల్ బృందం ఇదే దారిలో పిల్లల గుండె కోసం ప్రైస్ అనే నమూనా తయారుచేసింది. వయసు, బరువు, జబ్బు, ఆపరేషన్ రకం, గుండెకు ఒకే జఠరిక పనిచేస్తోందా, ఇతర జబ్బులున్నాయా అన్నవి ఇస్తే ముప్పు చెబుతుంది.

ఇక ముందు చెబుతానన్న ఆస్పత్రి, ఇంగ్లండులోని లీడ్స్ సంగతి. ఆ దేశంలో పిల్లల గుండె కేంద్రాలు ఎక్కువయ్యాయి, కొన్ని మూసేసి మిగతావాటిని పెద్దవి చెయ్యాలన్న గొడవ చాన్నాళ్లు నడిచింది. మూసే జాబితాలో లీడ్స్ ఉండేది. ఆ నిర్ణయాన్ని 2013 మార్చి 27న హైకోర్టు కొట్టేసింది. ఊళ్లో సంబరాలు. మర్నాడే లీడ్స్‌లో పిల్లల గుండె ఆపరేషన్లు ఆపేశారు. జాతీయ ఆరోగ్య సేవ వైద్య సంచాలకుడు బ్రూస్ కియోకు ముందు రోజుల్లో అందిన ఆందోళనకరమైన సమాచారంలో, అక్కడి మరణాలు ఉండాల్సినదానికంటే ఎక్కువున్నాయన్న లెక్క ఒకటి. ఆ లెక్క ఇంకా సరిచూడని ముడి అంకెల మీద కట్టింది. లీడ్స్ పంపిన రికార్డుల్లో బరువులు వగైరా చాలా గళ్లు ఖాళీ. బరువూ తోడుజబ్బులూ రాయకపోతే బిడ్డలు ఉన్నదానికంటే ఆరోగ్యంగా కనిపిస్తారు. ఆరోగ్యంగా కనిపించే బిడ్డలు పోతే తప్పు ఆస్పత్రి మీద పడుతుంది. గడులు నింపి తిరిగి లెక్కించాక ప్రమాద సూచన తొలగింది. రెండు వారాలు తిరక్కముందే ఆపరేషన్లు మళ్లీ మొదలయ్యాయి. ఈలోగా కొందరు బిడ్డల్ని వేరే ఊళ్లకు తరలించారు.

కియో తొందరపడ్డాడని లీడ్స్ వాళ్లు అన్నారు. నేను ఒప్పుకోను. బ్రిస్టల్ తర్వాత ఆ కుర్చీలో కూర్చున్నవాడు అంతకంటే ఏం చెయ్యగలడు? సూచన నిజమైతే ఆలస్యమైన ప్రతి రోజూ బిడ్డల ప్రాణాలకు ముప్పే. కానీ గడులు నింపడాన్ని తర్వాత చూసుకునే పనిగా వదిలేసిన విభాగం తన మెడకు తానే ఉచ్చు బిగించుకుంది. విచిత్రమేమిటంటే, దొరకని ఆ 42 మరణాల వ్యాసం మొదటి రచయిత జాన్ గిబ్స్ లీడ్స్ ఆస్పత్రి కార్డియాలజిస్టే. డేటా పట్ల అంత శ్రద్ధ ఉన్న మనిషి విభాగంలో ఉండటం వేరు, విభాగానికి ఆ శ్రద్ధ ఉండటం వేరన్నమాట.

గడులు నింపితే సరిపోతుందా అంటే దానికీ తిప్పలున్నాయి. న్యూయార్క్ రాష్ట్రం 1989 నుంచి పెద్దవాళ్ల బైపాస్ ఆపరేషన్ల ఫలితాలు సేకరించి, ముప్పును బట్టి సవరించి ప్రకటించడం మొదలుపెట్టింది. దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉందని నమోదైన రోగులు 1989లో నూటికి 6.9. 1991కి 17.4. రెండేళ్లలో న్యూయార్క్ ఊపిరితిత్తులు అంత పాడవలేదు. ఆ గడిలో టిక్కు పెడితే మన రోగి ముప్పు పెరుగుతుందని, ఫలితం మెరుగ్గా కనిపిస్తుందని సర్జన్లు గ్రహించారు. కొంత అంతకుముందు వదిలేసినవి సరిగా రాయడమే కావచ్చు, కొంత ఉదారంగా రాయడం కావచ్చు. బయటినుంచి చూసి విడదీయలేం. అందుకే బ్రిటన్‌లో ఆడిటర్లు ఏటా కేంద్రాలకు వెళ్లి, ఓటీ రిజిస్టరు పక్కన పెట్టుకుని, కొన్ని కేస్ షీట్లు తీయించి డేటాబేసులో ఉన్నదానితో పోలుస్తారు. ఆ పోలికకు మార్కులేస్తారు; నూటికి 90 రావాలి. నేను చదివిన ఆరోగ్య సంస్కరణలన్నింటిలోకీ చవకైనదీ, ఎక్కువ ఫలితమిచ్చినదీ ఇదేననుకుంటాను.

ఇప్పుడు బ్రిటన్‌లో గుండె ఆపరేషన్ అయిన పిల్లల్లో 30 రోజులకు నూటికి 98 మంది వరకు బతుకుతున్నారు. ఇది గొప్పే కానీ, కొలతగా దాని పని అయిపోవచ్చింది. నూటికి రెండు మరణాల మీద కేంద్రాల మధ్య తేడాలు చూపడం గణితానికి కష్టం. పైగా బతికిన బిడ్డలు ఎలా బతికారు? పేజెల్, కేట్ బ్రౌన్ తదితరులు తల్లిదండ్రులనూ నర్సులనూ కూర్చోబెట్టి, లెక్కపెట్టాల్సిన ఇబ్బందులు తొమ్మిది ఎంచారు. అయిదు ఆస్పత్రుల్లో వాటిని నమోదు చేసి చూస్తే, అయిదింట ఒక ఆపరేషన్‌కు పైగా వాటిలో ఏదో ఒకటి తోడైంది. డయాలిసిస్ పెట్టారా, గుండెకు బయటి యంత్రం సాయం పట్టారా అన్నవి తెలుసుకోవడం తేలిక, యంత్రాలు జాడ వదులుతాయి. తల్లిదండ్రులు గట్టిగా పట్టుబట్టినవాటిలో ఒకటి పాలు తాగలేకపోవడం. బిడ్డ ఇంటికి వెళ్లాక నెలల తరబడి ముక్కు గొట్టంతోనే గడుస్తుంది. తల్లి ఉద్యోగం పోతుంది, రాత్రిళ్లు నిద్ర ఉండదు. దానికి అలారం లేదు, ఐసీయూ చార్టులో గడి లేదు. నిర్వచనం రాసుకోవడానికే స్పీచ్ థెరపిస్టులూ డైటీషియన్లూ చాలాసేపు వాదించుకోవాల్సి ఉంటుంది. ఆ తర్వాత వార్డులో నర్సు ప్రతి పూటా గుర్తుపెట్టుకుని రాయాలి.